కనుమ దారిలో మజిలీ
(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేయబడిన ప్రసంగ పాఠము)



ఇట్టి సభలయందు గ్రంథములను గూర్చియు, విద్యను గూర్చియు ప్రసంగించుట పరిపాటి. ఈనాటి విషయము అంత ఘనమైనది కాదు. కొండదారిని పోవువారు నడుమ ఒకచోట బండి నిలిపి, నీరు త్రాగి, నోరు తీపి చేసికొని, అలుపు తీర్చుకొని మరల బయలుదేరు చోటును గూర్చినది. చిన్న విషయమే. కాని అట్టి చోటు లేని కొండదారి ఎట్లుండునో రాత్రివేళ బండి చెడి కనుమలో నిలిచిపోయినవారిని అడిగిన చెప్పుదురు.

రాజుపాలెము చదునైన నేల. కుందూనది ప్రక్కనున్న నల్లరేగడిలో నిలుచుండి చూచినచో తూర్పున నల్లమలయు, పడమర ఎఱ్ఱమలయు నీలపుగీతలవలె కనబడును. శనగచేనిలో పనిచేయు రైతునకు కొండ అనగా ఆకాశపుటంచు మాత్రమే. అయినను ఇచ్చటినుండి దూరయాత్రకు బయలుదేరినవాడు ఏదో యొక కనుమ దాటక తప్పదు. శ్రీశైలమునకు పోవలెనన్న నల్లమల అడ్డము. చిత్తూరునకు గాని, వేలూరు ఆసుపత్రికి గాని, మదనపల్లె మీదుగా బెంగుళూరునకు గాని పోవలెనన్న కడప దాటిన పిదప గువ్వలచెరువు కనుమ ఎక్కవలెను. ఈ ప్రసంగము ముఖ్యముగా ఆ గువ్వలచెరువును గూర్చియే.

కడప పట్టణము సముద్రమట్టమునకు సుమారు 138 మీటర్ల ఎత్తున ఉన్నది. రాయచోటి అంతకు రెండింతలకు మించిన ఎత్తున ఉన్నది. ఈ రెండింటి నడుమ దూరము సుమారు 50 కిలోమీటర్లు. ఆ ఎత్తు దారి పొడవునను కొంచెము కొంచెముగా పెరిగినచో ఎద్దునకు గాని యంత్రమునకు గాని శ్రమ తెలియకపోవును. కాని ప్రకృతి ఆ ఎత్తును అట్లు సమముగా పంచిపెట్టలేదు. కడప మైదానమునకును, రాయచోటి మిట్టసీమకును నడుమ పాలకొండలు గోడవలె నిలిచినవి. తిరుపతి వైపునుండి వాయవ్యముగా సాగివచ్చు ఈ శ్రేణిని దాటుటకు గల కొద్దిపాటి దారులలో గువ్వలచెరువు కనుమ ఒకటి. కర్నూలునుండి కడప, రాయచోటి, పీలేరుల మీదుగా చిత్తూరు వైపు సాగు జాతీయ రహదారి ఈ కనుమ మీదుగనే పోవుచున్నది. దానికి పూర్వము 18వ సంఖ్య. ఇప్పుడు 40వ సంఖ్య. సంఖ్యలు మారినను మలుపులు మారలేదు.

పాలకొండలు అను పేరు ఆ కొండలమీది మంచి పచ్చిక వలనను, ఆ పచ్చిక మేసిన పశువుల పాడి వలనను వచ్చినదని కొందరు చెప్పుదురు. పేరు ఎట్లు వచ్చినను, కనుమ మీది ఆ ఊరు నేడు పాలతోడనే బ్రదుకుచున్నది. బస్సు నిలిచినంతనే ఇరుప్రక్కల పాలకోవా అంగళ్ళ పేరుపలకలు కనబడును. కడప జిల్లాలో పుట్టి, ఆ దారిని ఒక్కసారియైన పోయి, అచ్చట కోవా కొనకుండ వచ్చినవారు ఉందురేమో గాని, అట్టివారిని ఇంటిలోని పిల్లలు మాత్రము క్షమింపరు.

అచ్చటనే ఎందుకు ఆగవలెను? ఇది అడుగవలసిన ప్రశ్న. అంగడి ఉన్నది కావున ఆగుచున్నారని అనుట తలక్రిందుల మాట. ఆగవలసి వచ్చినది కావున అంగడి పుట్టినది.

బండ్లు నడచిన కాలమున నాలుగైదు బండ్లు కూడి కనుమకు బయలుదేరెడివి. నిట్టయెక్కుడు వచ్చినచోట ఒక బండి ఎద్దులను విప్పి మరియొక బండికి తగిలించి రెండు జతలతో లాగించెడివారు. పిమ్మట క్రిందికి వచ్చి మిగిలిన బండిని అట్లే ఎక్కించెడివారు. ఎద్దులు ఊపిరి తీసికొనుటకు ఆగినపుడెల్ల బండి వెనుకకు దొరలకుండ చక్రము క్రింద రాయి పెట్టవలెను. పైకి చేరునప్పటికి ఎద్దుల నోట నురుగు, మనుష్యుల ఒంట చెమట. అట్టిచోట నీరు కనబడినయెడల బండి విప్పనివాడు ఎవడు?

తరువాత లారీలు వచ్చినవి. ఎద్దు పోయి ఇంజను వచ్చినది గాని కొండ తగ్గలేదు. బరువెత్తిన పాత లారీ మొదటి గేరులో మూలుగుచు పైకి చేరునప్పటికి రేడియేటరులోని నీరు సలసల కాగుచుండెడిది. వెంటనే మూత తీసినచో ఆవిరి ముఖముమీదికి చిమ్మును. కావున చల్లారువఱకు ఆగవలెను. పిమ్మట చన్నీళ్ళు పోయవలెను. దానికి అరగంట పట్టును. ఆ అరగంటయే కనుమ మీది టీ అంగళ్ళకెల్ల తల్లి.

ఎక్కుట కంటె దిగుట ప్రమాదము. ఎక్కునపుడు చెడిన బండి నిలిచిపోవును. దిగునపుడు చెడిన బండి నిలువదు. బ్రేకు మీదనే కాలుంచి దిగు డ్రైవరునకు బ్రేకు డ్రమ్ములు వేడెక్కి పట్టు సడలును. ఆపైన ఎంత నొక్కినను ఫలము లేదు. అందుచేతనే ఏ గేరులో ఎక్కుదువో ఆ గేరులోనే దిగుమని పాత డ్రైవర్లు క్రొత్తవారికి చెప్పెడివారు. క్లీనరు చేత కొయ్యదిమ్మె ఉండెడిది. బండి నిలిచినచోట దుమికి చక్రము క్రింద అది పెట్టుట అతని పని. ఇవన్నియు సరిచూచుకొనుటకు కొండ తలమీద ఒక్క నిలుపు కావలెను. అచ్చట వేడి టీ దొరకుట అదనపు లాభము.

ఇంజను సంగతి ఇట్లుండగా మనిషి సంగతి వేరొకటి. రాత్రి అంతయు చక్రము పట్టినవానికి తెల్లవారుజామున కన్ను మూయుట సహజము. 1961వ సంవత్సరపు మోటారు రవాణా కార్మికుల చట్టము, ఎడతెగక అయిదు గంటలకు మించి ఎవరిచేతను పని చేయింపరాదనియు, అంతలోపల అరగంట విరామము ఈయవలెననియు నిర్దేశించినది. చట్టము అరగంట అన్నది; అంతకు పూర్వమే కాగిన రేడియేటరును ఆ అరగంటను శాసించుచునే ఉండెను. నేటి క్రొత్త బండ్లు కాగుట లేదు. అందుచేత డ్రైవరును ఆగుట లేదు. యంత్రము బాగుపడినకొలది మనిషికి విశ్రాంతి తగ్గినది.

ఆగవలసిన చోటును నిర్ణయించినది అన్నిటికంటె ముందు నీరు. గువ్వలచెరువు అను పేరులోనే చెరువు ఉన్నది. నల్లమలలో శ్రీశైలమునకు పోవు పాత కాలిదారిని చూచిన ఇది ఇంకను స్పష్టమగును. మోటారు దారి పడకముందు యాత్రికులు ఆత్మకూరు వైపునుండి అడవిలో నడచి పోయెడివారు. ఆ దారిలోని మజిలీల పేర్లు వరుసగా వినుడు: నాగలూటి, పెద్దచెరువు, భీముని కొలను. ఒకదానిలో ఊట అను మాట వినిపించును. ఒకదానిలో చెరువు, ఒకదానిలో కొలను ఉన్నవి. ఏ రాజును కొండమీద మజిలీని సృష్టింపలేదు. నీరున్నచోట నడచువాడు కూలబడెను; అది మజిలీ అయినది. రాజులు వచ్చి అచ్చటికి మెట్లు కట్టిరి.

మెట్లు కట్టినవారిలో రెడ్డిరాజ్య స్థాపకుడైన ప్రోలయ వేమారెడ్డి పేరు ప్రసిద్ధము. పదునాలుగవ శతాబ్దిలో అతడు శ్రీశైలమునకును, అహోబలమునకును సోపానములు కట్టించెను. యుద్ధములు చేసిన రాజు లెందరో ఉన్నారు. వారి జయములు చరిత్ర చదివినవారికి మాత్రమే తెలియును. మెట్టు కట్టినవాని పుణ్యము చరిత్ర చదువని ముసలమ్మ పాదమునకును తెలిసినది.

ఇంకను వెనుకకు పోయినచో కర్నూలు జిల్లాలో జొన్నగిరి సమీపమున ఎఱ్ఱగుడి బండలు కలవు. క్రీస్తుకు పూర్వము మూడవ శతాబ్దిలో అశోకుడు చెక్కించిన శాసనములు ఆ బండలమీద ఉన్నవి. అందొకదానిలో మనుష్యులకును పశువులకును వైద్యము ఏర్పరచిన సంగతియు, దారుల ప్రక్కన బావులు త్రవ్వించి చెట్లు నాటించిన సంగతియు చెప్పబడినది. మనుష్యులతోపాటు పశువులను గూడ లెక్కించుట గమనింపదగినది. బండి లాగినది ఎద్దు గదా.

దారిలో ఆగుటను ఒక శాస్త్రముగా వ్రాసిపెట్టిన తెలుగువాడు ఏనుగుల వీరాస్వామయ్య. చెన్నపట్టణపు సుప్రీం కోర్టులో ఉద్యోగి. 1830 మే 18న సుమారు నూరుమంది పరివారముతో కాశీయాత్రకు బయలుదేరి 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరెను. తిరుపతి, కోడూరు, ఒంటిమిట్ట, కడపల మీదుగా వచ్చి అహోబలము, మహానంది, శ్రీశైలములను సేవించి ఉత్తరమునకు సాగెను. తాను చూచినదానినెల్ల స్నేహితుడైన కోమలేశ్వరపు శ్రీనివాస పిళ్ళకు జాబులుగా వ్రాసి పంపెను. ఆ జాబులే కాశీయాత్ర చరిత్ర. పిళ్ళవారు దానిని 1838లో అచ్చువేయించిరి. 1941లో దిగవల్లి వేంకట శివరావుగారు పరిష్కరించి మరల ప్రకటించిరి.

ఆ పుస్తకమును పుణ్యక్షేత్రముల కొఱకు చదువువారు కలరు; భాష కొఱకు చదువువారును కలరు. మజిలీల కొఱకు చదివినవారికి మరియొక పుస్తకము కనబడును. ఏ ఊర నీటి వసతి ఎట్లున్నది, దిగుటకు సత్రము కలదా, అంగళ్ళలో సామానులు దొరకునా, దారి రాళ్ళదా ఇసుకదా, ముందున్నది అడవియా ఊరా, ఇవియే ఆయన దినదినము కనిపెట్టి వ్రాసిన విషయములు. దేవుని వర్ణన కంటె కొన్నిచోట్ల బావి వర్ణనయే శ్రద్ధగా సాగినట్లు తోచును. అది భక్తిలోపము కాదు. నూరుమందిని వెంటబెట్టుకొని అడవిలో నడచువానికి సాయంకాలమునకు నీరు కనబడుటయే దేవుడు కనబడుట. ఈ గ్రంథాలయపు చందాదారులలో దూరప్రయాణములు చేయు యువకులున్నచో ఆ పుస్తకమును ఈ కంటితో ఒకసారి చదువదగును.

ఇక పాలకోవా. కొండమీది పల్లెలో పాడి ఉన్నది, కొనువారు లేరు. పాలు కడపకు దింపవలెనన్న దారిలోనే విరిగిపోవును. శీతలయంత్రములు లేని కాలమున పాలను కాపాడు ఉపాయము ఒక్కటే: వానిలోని నీటిని పోగొట్టుట. గేదెపాలలో నూటికి సుమారు ఎనుబదిమూడు పాళ్ళు నీరే. వెడల్పైన బాణలిలో పాలు పోసి, క్రింద కట్టెల మంట పెట్టి, అడుగంటకుండ గంటల తరబడి కలియబెట్టుచు పోయినచో ఆ నీరంతయు ఆవిరియై, మిగిలిన సారము గట్టిపడి, కాగినకొలది కొంచెము ఎఱ్ఱబారి కమ్మని వాసన పట్టును. అందు చక్కెర చేరును. పూటకే విరిగెడి పాలు దినముల తరబడి నిలుచు కోవా అగును. బిందెడు బరువు గుప్పెడు పొట్లమగును. లారీవాడు దానిని చెన్నపట్టణమునకైనను, హైదరాబాదునకైనను మోసికొనిపోగలడు. పాలను ఊరు దాటింపలేని పల్లె, పాలను కోవా చేసి దేశము దాటించినది.

దేశము దాటించుట అతిశయోక్తి కాదు. రాయచోటి, కడప ప్రాంతములనుండి కువైటునకు పనికి పోయినవారు వేలకొలది కలరు. సెలవు ముగించుకొని విమానమెక్కువారి పెట్టెలలో పచ్చళ్ళ ప్రక్కన గువ్వలచెరువు కోవా పొట్లము ఉండుట పరిపాటి అయినది. ఎడారిలో కొండదారి రుచి! అంతేకాదు, ఆ పేరు పెట్టుకొన్న అంగళ్ళు ఇప్పుడు దూరపు పట్టణములలోను కనబడుచున్నవి. కనుమ లేనిచోట కనుమ పేరుతో కోవా అమ్ముట చూచి కొందరు నవ్వుదురు. నవ్వవలసిన పని లేదు. రుచి ముందు పుట్టి పేరు తరువాత వచ్చెను. ఇప్పుడు పేరు ముందు నడచుచున్నది.

ఇతర దేశముల కొండదారులలో ఇట్టి చోట దొరకునది పాలు కాదు, మద్యము. ఇంగ్లండులో దానిని పబ్బు అందురు. పబ్లిక్ హౌసు అను మాటకు అది కుఱుచ రూపము. పదిమందికిని తలుపు తెరచిన ఇల్లు అని దాని అర్థము. మన పట్టణములలో ఆ మాటకు ఈ కాలమున వేరొక వాసన పట్టినది గాని, కొండలలోని పబ్బు ప్రధానముగా ఒక పొయ్యి, ఒక కప్పు, ఒక దీపము. యార్క్‌షైరు ప్రాంతమున టాన్ హిల్ అనుచోట సముద్రమట్టమునకు 528 మీటర్ల ఎత్తున ఒక పబ్బు ఉన్నది. బ్రిటనులో అన్నిటికంటె ఎత్తున ఉన్న పబ్బు అదియే. ఆ అంకె వినినచో రాయలసీమవారికి నవ్వు రావచ్చును. మదనపల్లె ఊరే అంతకంటె ఎత్తున ఉన్నది. కాని అచ్చట చలికాలమున మంచు కురిసిన దారి మూసికొనిపోవును; చుట్టుప్రక్కల మరియొక ఇల్లు ఉండదు.

2021 నవంబరు 26న, శుక్రవారము రాత్రి, పాట వినుటకు అచ్చటికి చేరిన జనము తుపానులో చిక్కిరి. తలుపు తీసిన మంచుగోడ. అరువదియొక్క మంది మూడు రాత్రులు ఆ ఇంటిలోనే ఉండిపోయిరి. నేలమీద పరుపులు వేసికొని, పాటలు పాడుకొని, వండినది పంచుకొని కాలము గడపిరి. సోమవారము దారి తెరపి చేసిన పిదప ఇండ్లకు పోయిరి. పత్రికలు దీనిని వేడుకగా వ్రాసినవి. ఆ ఇల్లు అచ్చట లేనియెడల అరువదియొక్క మందికి వేడుక జరిగెడిదా?

స్విట్జర్లాండు, ఇటలీల సరిహద్దులో గ్రేట్ సెయింట్ బెర్నార్డ్ కనుమ కలదు. ఎత్తు 2,469 మీటర్లు. అచ్చట సుమారు 1050లో క్రైస్తవ సన్యాసులు ఒక సత్రము స్థాపించిరి. తొమ్మిది శతాబ్దులు దాటినను అది నడచుచున్నది. మంచులో దారి తప్పినవారిని వెదకి పట్టు కుక్కలకు ఆ సత్రము ప్రసిద్ధి. బారీ అను కుక్క 1800 మొదలు 1814 వఱకు జీవించెను. దాని దేహమును నేటికిని బెర్న్ నగరపు మ్యూజియములో చూపుదురు. ఆ కుక్కల మెడలో చిన్న బ్రాందీ పీపా కట్టియుండునని లోకమంతట నమ్మకము. అది ఆంగ్ల చిత్రకారుడు లాండ్‌సీయరు 1820లో గీసిన చిత్రమువలన వ్యాపించిన కల్పన. మంచులో చిక్కినవానికి మద్యము పోయుట మేలు కాదు, కీడు. మద్యము చర్మములోని రక్తనాళములను వెడల్పు చేయును. పైకి వెచ్చగా తోచును గాని లోపలి వేడి త్వరగా బయటికి పోవును. వేడి పాలే నయము.

కడప జిల్లా కనుమలో పాలు మిగిలి, కల్లు సారాయిలు పేరు తెచ్చుకొనకపోవుట మంచిదే. దీనికి చట్టమే కారణమనుట కష్టము. 1937 అక్టోబరు 1న రాజగోపాలాచారిగారి మంత్రివర్గము సేలము జిల్లాలో మద్యనిషేధము ప్రారంభించి, మరుసటి యేడు చిత్తూరు, కడప జిల్లాలకు విస్తరింపజేసెను. రాజధాని నగరముకంటె ముందు కడప జిల్లా ఆ పరీక్షకు నిలిచినది. తరువాత చట్టములు వచ్చినవి, పోయినవి. నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు రేపిన ఉద్యమము ఫలించి 1993లో సారాయి నిషేధమును, 1995లో సంపూర్ణ మద్యనిషేధమును వచ్చినవి. ఆ నిషేధము 1997లో సడలిపోయినది. 2016 డిసెంబరులో సుప్రీం కోర్టు జాతీయ, రాష్ట్ర రహదారులకు 500 మీటర్ల లోపల మద్యపు అంగళ్ళు ఉండరాదని తీర్పు చెప్పెను. చిన్న ఊళ్ళకు ఆ దూరమును పిమ్మట 220 మీటర్లు చేసెను. ఈ రాకపోకల నడుమ కోవా బాణలి దింపబడలేదు. కొండ దిగవలసిన డ్రైవరునకు తీపి అమ్మువాడు వానిని మరల చూడగోరువాడు.

ఇప్పుడు వేడుక విడిచి కష్టము చెప్పవలెను. గువ్వలచెరువు కనుమ ప్రాణములు తీయు దారి. 2024 ఆగస్టులో ఒక కంటెయినరు లారీయు, ఒక కారును అచ్చట ఢీకొని అయిదుగురు మరణించిరి. ఇది మొదటిది కాదు, చివరిదియు కాలేదు. మలుపులు మునుపటివే, బండ్లు మాత్రము పొడవును, బరువును, వేగమును పెంచుకొన్నవి. అందుచేత ఆ దారిని నాలుగు వరుసలుగా వెడల్పు చేసి కనుమలో సొరంగము త్రవ్వవలెనను ప్రతిపాదన వచ్చినది. దానిని కాదనువాడు మనిషి కాడు. కోవా కొఱకు ప్రాణములు పోగొట్టుకొనుడని ఎవరు అనగలరు?

అయినను సొరంగము త్రవ్విన చోట్ల ఏమి జరిగినదో ముందుగా తెలిసికొనుట మేలు. సెయింట్ బెర్నార్డ్ కనుమ క్రింద 1964లో మోటారు సొరంగము తెరవబడినది. తొందర గలవారు క్రిందనే పోవుచున్నారు. పైదారి చలికాలమంతయు మూసియుండును. సన్యాసుల సత్రము మాత్రము నడచివచ్చువారి కొఱకు నిలిచియున్నది, ఏలయనగా దానికి అమ్మకముతో పనిలేదు. హిమాచలములో రోహ్‌తాంగ్ కనుమ క్రింద 2020 అక్టోబరు 3న అటల్ సొరంగము తెరవబడినది. 9 కిలోమీటర్ల సొరంగము. మనాలి నుండి లేహ్‌కు పోవు దారి 46 కిలోమీటర్లు తగ్గినది. చలికాలమున నెలల తరబడి లోకముతో సంబంధము తెగిపోయెడి లాహౌల్ ప్రజలకు అది వరము. కాని కనుమ దారిలో మర్హి వద్ద ఢాబాలు పెట్టుకొన్నవారికి లేహ్ పోవు లారీల బేరము తప్పిపోయినది. కనుమను చూడవచ్చు విహారయాత్రికులే వారికి దిక్కు. దాత పెట్టిన సత్రము సొరంగమును తట్టుకొనును; బేరముమీద బ్రదుకు అంగడి తట్టుకొనలేదు. గువ్వలచెరువున ఉన్నది దాత సత్రము కాదు. కోవా అంగళ్ళవారు, వారికి పాలు పోయు పల్లెలవారు, కట్టెలు తెచ్చువారు, బాణలి వద్ద నిలిచి కలియబెట్టు కూలివారు, అందరును రోడ్డుమీది నిలుపుమీద ఆధారపడినవారే.

కావున అడుగవలసినది సొరంగము వద్దని కాదు. అడుగవలసినవి వేరు. సొరంగపు ముఖద్వారము వద్ద బరువు లారీలు పదియో ఇరువదియో నిలుచునంత చదునైన చోటు విడువవలెను. డ్రైవరు కొంతసేపు పండుకొనుటకు నీడయు, స్నానమునకు నీరును, స్త్రీలకు మరుగుదొడ్లును ఉండవలెను. అచ్చట కట్టు అంగళ్ళు ఏ పెద్ద కంపెనీకో వేలము పోకుండ, ఇప్పుడు కనుమ మీద కోవా వండుచున్నవారికి ముందుగా ఈయవలెను. పాత దారిని పూర్తిగా మూయక చిన్న బండ్లకు తెరచియుంచవలెను. ఇవి కాగితముమీద నకాసు గీయునపుడు అడిగినచో పని అగును; సిమెంటు ఎండిన తరువాత అడిగినచో కాదు.

2022లో జిల్లాల పునర్విభజన జరిగినపుడు గువ్వలచెరువు అన్నమయ్య జిల్లాలో చేరినది. రాజుపాలెము కడప జిల్లాలోనే ఉన్నది. కావున అది పరాయి జిల్లా విషయమని కొందరు అనవచ్చును. కాని ఆ కనుమను ఎక్కువగా ఎక్కువారిలో ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, మైదుకూరుల వారు కలరు. ప్రొద్దుటూరు బట్టల మూటలు, ఈ సీమ శనగల బస్తాలు, వేలూరునకు పోవు రోగులు ఆ దారినే పోవుదురు. అర్జీ వ్రాయుటకు ఆ కొండమీద ఇల్లు ఉండనక్కరలేదు. ఆ కొండమీద ఒకసారి ఆగియుండిన చాలును. అర్జీ వ్రాయుటకు కాగితము, కలము, పది సంతకములు కావలెను. అవి మూడును ఈ గ్రంథాలయములో ఉన్నవి.